గుడ్లు కొట్టకముందు

గురువారం పొద్దున్నే వెర్నెల్ వంటింట్లో కూర్చుని మొక్కజొన్న రొట్టె నలుపుతోంది. నిన్న ఇనుప మూకుడులో కాల్చి ఆరబెట్టిన రొట్టె. పొయ్యి మీద కోడి ఉడికిన రసం కాగుతోంది. మధ్యాహ్నం థాంక్స్‌గివింగ్ భోజనానికి పద్నాలుగు మంది వస్తారు. నలభై ఆరేళ్లుగా ఆ బల్ల మీద డ్రెస్సింగ్, అంటే రొట్టె పొడిలో రసం, గుడ్లు కలిపి కాల్చే వంటకం, ఆవిడదే. ఇంకొకరు చేస్తామని అడిగే సాహసం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

ఎనిమిదింటికి కూతురు రొజెటా వచ్చింది, చేతుల్లో మూతపెట్టిన పెద్ద రేకు ట్రేతో.

"ఏమిటే అది?"

"డ్రెస్సింగ్. కొట్లో చెప్పి చేయించాను. డెబ్భై మూడేళ్లొచ్చాయి, ఇంకా నీకెందుకమ్మా ఈ చాకిరీ? హాయిగా కూర్చో."

వెర్నెల్ మూత ఎత్తి, చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. జిగటగా అంటుకుంది.

"పంచదార రొట్టెతో చేశారు! మీ నాన్న కూర్చున్న బల్ల మీద కేకు ముక్కలు పెట్టి డ్రెస్సింగ్ అంటావా? సిగ్గులేదూ?"

"పొద్దున్నే మొదలుపెట్టకమ్మా."

"మొదలుపెట్టింది నేనా? కాలూ చెయ్యీ ఆడుతుండగానే నన్ను మూల కూర్చోబెడుతున్నావు. పోయినేడు లొట్టలేసుకుంటూ తిన్నారు కదే! పొట్లాలు కట్టించుకుని మరీ పట్టుకెళ్లారు!"

రొజెటా ట్రేని దబ్బున బల్ల మీద పెట్టింది. "ఎవరూ తినలేదమ్మా! ఉప్పు కషాయం అది. అన్నయ్య వాళ్లు దారిలో పారేశారు. నేను కుక్కకి వేస్తే అదీ ముట్టలేదు."

వెర్నెల్ చేతులు ఆగిపోయాయి.

ఇంతకంటే అవమానం ఉంటుందా, మీరే చెప్పండి! కన్నపిల్లలు, కోడళ్లు, మనవలు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఎదురుగా నవ్వడం, వెనక పారేయడం! దానికి మర్యాద అని పేరొకటి!

"ఏడాదయింది," అంది వెర్నెల్. "ఏడాది పాటు నన్ను పిచ్చిదాన్ని చేశారు. చర్చిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నానే! ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"నొచ్చుకుంటావని..."

"ఇప్పుడు నొచ్చుకోలేదా? నాకు రుచి తెలీదే! మూడేళ్ల క్రితం జ్వరం వచ్చి పోయినప్పుడే నోరూ ముక్కూ కూడా పోయాయి. ఇంతవరకూ తిరిగి రాలేదు."

"మరి పోయినేటికి ముందు రెండేళ్లూ బ్రహ్మాండంగా ఉంది కదా?"

"గుడ్లు కొట్టకముందు మీ నాన్నని పిలిచి చెంచాతో నోట్లో పెట్టేదాన్ని. పచ్చి గుడ్డు పడ్డాక రుచి చూడలేం కదా. ఉప్పంటే ఉప్పు, సేజ్ ఆకంటే సేజ్ ఆకు, ఆయన ఏం చెబితే అది వేసేదాన్ని. పోయినేడు ఆయన లేరు. చేతి అంచనాతో వేసేశాను."

"నాకు చెప్పొచ్చు కదమ్మా!"

"చెబితే ఏం చేసేదానివి? ఇదిగో, ఇదే తెచ్చి పెట్టేదానివి!" వెర్నెల్ ట్రేని అటు తోసింది.

తల్లి అన్నది నిజమే. రొజెటా ట్రే తీసి గడప బయట పెట్టి వచ్చింది. చేతులు కడుక్కుని, రొట్టె పొడిలో వేయించిన ఉల్లి, సెలెరీ ముక్కలు వేసి, రసం పోసింది. తల్లి ఉప్పూ సేజూ చల్లి కలిపింది. గుడ్ల గిన్నె పక్కకి జరిపి చెంచా అందించింది.

రొజెటా నోట్లో పెట్టుకుంది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"రొజెటా!"

రొజెటా తల దించుకుంది. "చప్పగా ఉంది. సేజ్ కూడా చాల్లేదు. అస్సలు బాగాలేదు."

వెర్నెల్ అక్కడే కుర్చీలో కూలబడి, కొంగులేని ఆ గౌను అంచుతోనే మొహం కప్పుకుని భోరుమంది. భర్త పోయాక, గుడ్లు కొట్టకముందే ఆవిడ వంట రుచి చూసి వంక ఉన్నదున్నట్టు చెప్పిన మొదటి మనిషి రొజెటాయే.