ముందు నీలి, తర్వాత నీలి

భూపాలపల్లి బస్టాండు ఎదుట ఇద్దరు నీలులు నవ్వుతున్నారు. కోర్టుకు వెళ్తున్న జూనియర్ లాయర్ నీలి బండాపి, తలెత్తి చూస్తూ ఉండిపోయింది.

కొత్త ఫ్లెక్సీ. ఎడమవైపు నీలికి పైవరసలో వంకర పన్ను, కింద ‘చికిత్సకు ముందు’ అన్న మాట. కుడివైపు నీలికి పళ్లన్నీ గీత గీసినట్టున్నాయి. ‘చికిత్స తర్వాత’. పైన ఒక పళ్ల దవాఖాన పేరు.

నీలి నాలుకతో తడిమి చూసుకుంది. వంకర పన్ను ఎక్కడిదక్కడే ఉంది.

ఫ్లెక్సీ అడుగున అచ్చేసిన పేరును బట్టి పావుగంటలో దుకాణం పట్టుకుంది. అక్కడ కంప్యూటర్ మీద ఫ్లెక్సీలు తయారుచేసే జయపాల్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"నా ఫొటో నీకు యాడ దొరికింది?"

"చిట్యాలల మా దోస్తు పెండ్లికి ఫొటోలు తీసింది నేనే మేడం. మీరు పెండ్లిపిల్ల దిక్కు వచ్చిన్రు."

"పెండ్లికి వచ్చిన. పళ్ల దవాఖానకు రాలే. నన్ను అడగకుండ నా మొకంతోని ఎట్ల యాపారం చేస్తరు?"

"గంత మంచి నవ్వు ఇంకోటి దొరకలే."

"మంచిగుంటే పన్నెందుకు సాపు చేసినవ్?"

జయపాల్ గబుక్కున తెర మీది ఫొటో మూసేశాడు. నీలికి నవ్వొచ్చింది, కానీ బయటపడలేదు. "మనిషి ఒప్పుకోకుండ ఆమె మొకం ప్రకటనల పెడితే కోర్టుకు పోవచ్చు. డాక్టరుకూ నీకూ నోటీసులొస్తయ్."

నోటీసులు వెళ్లాయి. నీలి తన దగ్గర వైద్యం మొదలుపెట్టి మధ్యలో మానేసిందని, ఫొటో ఆమే ఇచ్చిందని డాక్టర్ జవాబు రాశాడు. కోర్టు వరండాలో తోటి లాయర్లు పన్ను సంగతి అడిగి నవ్వుకుంటుంటే నీలికి మొదటిసారి కళ్లు చెమర్చాయి. నిజం చెప్పగలిగింది జయపాల్ ఒక్కడే. ఆ డాక్టరేమో వాళ్ల దుకాణానికి పెద్ద గిరాకీ.

మూడో రోజు వానలో తడిసి ముద్దయి జయపాల్ ఆమె సీనియర్ ఆఫీసుకొచ్చాడు. చొక్కా లోపల దాచిన కవరు మాత్రం పొడిగా ఉంది. అందులో అసలు ఫొటో, తాను చేసిన తప్పంతా రాసి సంతకం పెట్టిన అఫిడవిట్.

"గిది ఇస్తే నీ నౌకరి?"

"పొద్దుగాలనే పోయింది."

వారం తిరక్కుండా ఫ్లెక్సీ దిగింది. డాక్టర్ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు. ఆ కబురు చెప్పడానికి నీలి ఫోన్ చేయొచ్చు. అయినా వెతుక్కుంటూ వెళ్లి టీకొట్టు దగ్గర జయపాల్‌ను పట్టుకుంది.

"ఇగ ఏం చేస్తవ్?"

"పెండ్లిల్ల ఫొటోలు తీస్త."

"నా పెండ్లికి తీస్తవా?"

"తియ్య."

"ఏంది, అలిగినవా?"

జయపాల్ టీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "గా పెండ్లిల నేను మీ పక్కన నిలవడాలె. మరి కెమెరా ఎవలు పట్టుకుంటరు?"

నీలి ఈసారి నవ్వు ఆపుకోలేదు. వంకర పన్నుతో సహా నవ్వి, బండి స్టార్ట్ చేసింది.

"ఆదివారం నెల్లికుదురు కాడ మా తండకు రా. బాపు పొద్దుగాలనే చేనుకు పోతడు, పోకముందే అడగాలె. మొదటి బస్సు పట్టు."