రెండింటికి ఎర్రబడే దీపం

మెకానిక్ అక్క డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి పొద్దున పదయింది. మూలపడ్డ పాత ఎయిర్ ప్యూరిఫయర్లు కొని, విప్పి, కడిగి, కొత్త ఫిల్టర్ వేసి అమ్మే మనిషి ఆవిడ. ఎంత మొండి స్క్రూ అయినా ఆవిడ చేతికి లొంగుతుందని పేరు. ఆ వేళ మాత్రం ఇచ్చిన మంచినీళ్లయినా ముట్టకుండా మొదలుపెట్టింది.

"సాయంత్రం ఐదింటికి నా పరువు పోతుంది మేడమ్. దాంతో పాటు కొట్టు కూడా."

డిటెక్టివ్ మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. పాతికేళ్లు బీమా కంపెనీకి అగ్నిప్రమాదాల గుట్టు విప్పిపెట్టి, తర్వాత సొంతంగా ఈ ఆఫీసు తెరిచింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న సహాయకుడు స్వయానా ఆవిడ మేనల్లుడు. ముప్పై రెండేళ్లవాడు. అత్త రెండు నిమిషాలు కదలకుండా చూస్తే చేయని తప్పు కూడా ఒప్పుకోవాలనిపిస్తుందని అతని నమ్మకం. ఒక్కసారైనా ఆవిడకంటే ముందు దోషిని పట్టుకోవాలని అతని ఆశ. ఇప్పటికి పదకొండు కేసులు. పదకొండుసార్లూ పప్పులో కాలేశాడు.

"మొదటినుంచి చెప్పమ్మా," అంది మేడమ్.

సంగతి ఇది. నాలుగు బ్లాకుల అపార్ట్‌మెంట్‌లో గేటు పక్కన చిన్న గది అద్దెకు తీసుకుని మెకానిక్ అక్క కొట్టు నడుపుతోంది. మూడు వారాల క్రితం మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారికి బాగుచేసిన ప్యూరిఫయర్ ఒకటి అమ్మింది. నిన్న ఆయన దాని వెనక మూత తీసి చూస్తే ఫిల్టర్ పూడుకుపోయి ఉంది. పాత ఫిల్టర్ మీద కొత్త తేదీ వేసి అంటగట్టావని ఆయన ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఇవాళ ఐదింటికి అపార్ట్‌మెంట్ వాళ్ల మీటింగ్. కొట్టు ఖాళీ చేయించాలా వద్దా అన్నదే చర్చ.

"ఆరు నెలలు రావాలి మేడమ్ ఆ ఫిల్టర్. నా చేత్తో సీలు విప్పి వేశాను. మడతల కాగితం మీదే తేదీ వేసి సంతకం పెట్టాను."

"పూడుకుపోయిందన్నావు. నల్లగానా?"

మెకానిక్ అక్క ఆలోచించింది. "అదే చిత్రం. రోడ్డు దుమ్మయితే నల్లగా పడుతుంది, వందల ఫిల్టర్లు చూశాను. ఇది పిండిమర పక్కన పెట్టినట్టు తెల్లగా ఉంది."

మేడమ్ లేచి సంచీ భుజాన వేసుకుంది.

హెడ్మాస్టారు తలుపు తీసి, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని చూసినట్టు ముగ్గుర్నీ పైనుంచి కిందికి చూశాడు. హాలు శుభ్రంగా ఉంది. ఎదుట రోడ్డు తవ్వుతుండటంతో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఒక మూల ప్యూరిఫయర్, నెత్తిన నీలం దీపంతో. ఎదురు మూల చిన్న బల్ల మీద గుమ్మడికాయంత ప్లాస్టిక్ మెషీన్ ఇంకోటి. గోడకున్న నల్లటి టీవీ మీద సన్నటి తెల్లని పొర. ఓ పక్క బ్లాక్‌బోర్డు, దాని కింద సుద్దముక్కల డబ్బా.

మేనల్లుడు అత్త చెవిలో ఊదాడు. "సుద్ద! సాయంత్రాలు పిల్లలకి లెక్కలు చెప్తాడట."

"ఓపిక పట్టరా."

"గాలి బాగుంటే దీపం నీలం. చెడితే ఎరుపు," అన్నాడు హెడ్మాస్టారు. "దాదాపు మూడు వారాలుగా రోజూ మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎర్రబడుతోంది. గంటసేపు ఎడ్ల బండిలా ఒకటే రొద. మోసపు సరుకు కాకపోతే ఏమిటి?"

"రెండింటికి ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"నేను, మా ఆవిడ, అమ్మాయి."

లోపలి గదిలోంచి భార్య వచ్చింది. ఆవిడకంటే ముందు ఆవిడ పౌడరు వాసన వచ్చింది. మెడంతా తెల్లగా ఉంది. మేనల్లుడి కళ్లు మెరిశాయి. సుద్దను వదిలేసి పౌడరు మీద పడ్డాడు.

"పౌడరు ఎప్పుడు రాసుకుంటారండీ?"

"పొద్దున స్నానం చేశాక. ఏం బాబూ, నీకూ కావాలా?"

మేనల్లుడు నాలుక కరుచుకున్నాడు.

కూతురు రికార్డింగ్ మధ్యలో ఆపి, దగ్గుతూ వచ్చి కూర్చుంది. లోపలి గదిలోనే నవలలు చదివి, కంపెనీలకు రికార్డు చేసి పంపడం ఆ అమ్మాయి ఉద్యోగం. గొంతే జీవనాధారం. రోడ్డు తవ్వకం మొదలయ్యాక దగ్గు పట్టుకుంది. అందుకే ప్యూరిఫయర్ కొన్నారు. గాలి మరీ పొడిగా ఉండకూడదని డాక్టర్ అంటే అదే వారం ఆ గుమ్మడికాయ మెషీన్ కూడా తెచ్చారు. చల్లటి నీటి తుంపరను పొగలా వదులుతుంది అది.

"రికార్డింగ్ రెండింటికి అయిపోతుందండీ," అంది బొంగురు గొంతుతో. "తర్వాత గంటసేపు దాని ముందు కూర్చుంటాను. దగ్గు తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇలాగే ఉంటే వచ్చే నెల పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు."

హెడ్మాస్టారి మొహం వాడిపోయింది. ఆయన కోపమంతా ఎక్కడినుంచి వస్తోందో మేనల్లుడికి అప్పుడు అర్థమైంది. ఈయన భయపడుతున్నాడు.

"అందులో నీళ్లెవరు పోస్తారు?" అంది మేడమ్.

"ఎవరో ఎందుకు పోస్తారు? స్వయంగా నేనే, రోజూ ఠంచనుగా."

"ఫిల్టర్ నీళ్లే పోయమని నాన్నకి చెప్పాను," అంది కూతురు. "మా కుళాయి నీళ్లు బాగా ఉప్పు."

"ఆ మెషీన్ వచ్చిన కొత్తలో మంచినీళ్ల డబ్బా మధ్యాహ్నానికే అయిపోయేదమ్మా," అని అందుకుంది భార్య. "ఒకటే గొడవ పెట్టాను. మర్నాటినుంచి ఏం చిత్రమో, సాయంత్రం దాకా వస్తోంది."

హెడ్మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వీళ్లు వచ్చాక తుడుచుకోవడం అది మూడోసారి.

మేడమ్ చేతులు కడుక్కుంటానని స్నానాలగదిలోకి వెళ్లి, కుళాయి చుట్టూ పేరుకున్న తెల్లటి గారను గోటితో గీకి చూసి వచ్చింది. తర్వాత ఫిల్టర్ బయటికి తీయించి, సంచీలోంచి మెత్తటి బ్రష్ తీసింది.

"ముందు ఈ సంతకం సంగతి తేలుద్దాం. మాస్టారూ, దగ్గరికి రండి. పాత ఫిల్టర్ మీద సంతకం పెడితే సిరా ఎక్కడ ఉండాలి?"

"దుమ్ము మీద."

"దులిపితే దుమ్ముతో పాటు సిరా కూడా రాలాలి కదా."

బ్రష్ కదిలింది. తెల్లని పొడి కాగితం మీద రాలింది. దాని అడుగున మెకానిక్ అక్క సంతకం, మూడు వారాల నాటి తేదీ, కొత్త నోటుబుక్కులో రాసినంత స్పష్టంగా బయటపడ్డాయి. సిరా మడతల్లోకి ఇంకి ఉంది.

"సంతకం పెట్టేనాటికి ఇది శుభ్రమైన ఫిల్టరే. పొడి తర్వాత, ఈ ఇంట్లోనే పట్టింది," అంది మేడమ్.

మెకానిక్ అక్క గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలింది. హెడ్మాస్టారు మాత్రం ఓటమి ఒప్పుకునేలా లేడు. "అయితే ఆ పొడి ఎక్కడిది? మీటింగ్‌లో నేనేం చెప్పాలి?"

"రెండింటికి తెలుస్తుంది. అందరూ ఇక్కడే ఉండండి."

సరిగ్గా రెండింటికి ఐదుగురినీ సోఫాలో, కుర్చీల్లో కూర్చోబెట్టి మేడమ్ హాలు మధ్యలో నిలబడింది. సగం దులిపిన ఫిల్టర్‌ను ప్యూరిఫయర్లో తిరిగి బిగించారు. వంటింటి డబ్బాలోని మంచినీళ్లు తనే తెచ్చి తుంపర మెషీన్లో పోసి మీట నొక్కింది. పొగ లేచింది. పావుగంట గడిచింది. దీపం నీలంగానే ఉంది.

"సుద్ద అయితే బోర్డు కింద పడుతుంది కానీ ఎత్తున ఉన్న టీవీకి ఇంత సమంగా అంటుకోదు. పైగా పాఠం సాయంత్రం. పౌడరు పొద్దునకే అయిపోతుంది. దీపం ఎర్రబడేది రెండింటికి. రెండింటికి ఈ గదిలో జరిగేది ఒక్కటే." మెషీన్లోని నీళ్లు పారబోసింది. "మాస్టారూ, ఇప్పుడు మీరు రోజూ ఎలా పోస్తారో అలాగే పోసుకురండి."

హెడ్మాస్టారు లేవలేదు. అత్త ఆయనవైపు చూస్తోంది. మేనల్లుడు మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నిమిషం కూడా పూర్తికాలేదు.

"స్నానాలగది కుళాయి," అన్నాడాయన నేలచూపులు చూస్తూ. "తాగేనీళ్లు పొగకి తగలేస్తారా అని మా ఆవిడ అరిచింది. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను."

"నేనన్నది పొయ్యొద్దని కాదు," అంది భార్య. "డబ్బా మళ్లీ నింపి పెట్టమని."

మేడమ్ సైగ చేస్తే మేనల్లుడే కుళాయి నీళ్లు తెచ్చి పోశాడు. ఐదు నిమిషాల్లో దీపం పసుపు తిరిగింది, ఆ వెంటనే ఎర్రబడింది. ప్యూరిఫయర్ రొద అందుకుంది.

"నీళ్లు మరిగిస్తే ఉప్పు గిన్నెకే అంటుకుంటుంది. ఈ మెషీన్ మరిగించదు, నీటిని ఉప్పుతో సహా చిమ్ముతుంది. తుంపర ఆరిపోయాక గాలిలో మిగిలేది కుళాయికి పట్టే ఈ గారే, సన్నటి పొడిగా. టీవీ మీదా, మీ కళ్లజోడు మీదా అదే. ఆ పాత ప్యూరిఫయర్ మిమ్మల్ని మోసం చేయలేదు మాస్టారూ. రోజూ రెండింటికి గాలి బాగాలేదని నిజమే చెప్పింది. మీరే దాన్ని తిట్టారు."

"మరి అమ్మాయి దగ్గు?" అన్నాడాయన. "నేనే పీల్పించానా?"

"దగ్గు సంగతి డాక్టర్ చెప్పాలి. ఆ పొడి మాత్రం ఏ గొంతుకీ మంచిది కాదు. ఇవాళే ఆగిపోతుంది కదా."

కూతురు లేచి తండ్రి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. "నాన్నా, రోజూ పోసింది నా కోసమే కదా," అంది. ఆయన తల ఊపాడు.

ఐదింటి మీటింగ్‌లో హెడ్మాస్టారు మొట్టమొదట లేచి నిలబడ్డాడు. స్నానాలగది కుళాయితో సహా అంతా చెప్పాడు. జనం పడీపడీ నవ్వారు. కొట్టు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అప్పటిదాకా బిగబట్టుకున్న మెకానిక్ అక్క చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"అప్పుడే అయిపోలేదు," అన్నాడు హెడ్మాస్టారు. "మీటింగ్‌కి రానివాళ్లు పన్నెండు ఇళ్లవాళ్లు. వాళ్లందరికీ నిన్న నేనే చెప్పాను, ఇవాళ కూడా నేనే చెప్పాలి."

"ఆ మోకాళ్లతో ఒక్కరే అన్ని మెట్లు ఎక్కలేరు మాస్టారూ. పదండి, నేనూ వస్తాను," అంది మెకానిక్ అక్క.

వాళ్ల వెనకాలే మేనల్లుడు, మేడమ్ నడిచారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆయన మొదటినుంచి చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. పన్నెండో ఇంటికి వచ్చేసరికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. తలుపు తెరుచుకుంది. ఆయన పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఫిల్టర్ మంచిదేనండీ," అని మెకానిక్ అక్క అందుకుంది. "ఇంట్లో తుంపర మెషీన్ ఉందా అని ప్యూరిఫయర్ అమ్మినప్పుడే అడిగి, ఏ నీళ్లు పోయాలో చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

హెడ్మాస్టారు కాదు కాదని రెండు చేతులూ ఊపాడు. ఆయన ఎందుకలా ఊపుతున్నాడో ఆ ఇంటివాళ్లకి మాత్రం అర్థం కాలేదు.