మేలుకున్నావా, వాల్బుర్గా?

మా ఊరి మంత్రగత్తెల బురుజు పక్క నుంచి చీకటి పడ్డాక ఎవరూ పోరు. తాగినవాళ్ళు కూడా చుట్టూ తిరిగి వంతెన మీదుగా ఇంటికి చేరతారు. తాగినవాడు దూరం ఎక్కువైనా సరే అన్నాడంటే, ఆ భయం ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

దానికో కథ ఉంది. మా పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే.

ఆ ఏడు మే నెలలో మంచు కురిసి ద్రాక్ష మొగ్గలన్నీ మాడిపోయాయి. మా ఫ్రాంకోనియా సీమలో ద్రాక్ష పోయిందంటే, మంత్రగత్తె పేరుతో ఎవరో ఒక ముసలమ్మ పోవాల్సిందే. ఎండ బాగా కాసి పంట విరగబడిన ఏడు మాత్రం, ఇది నీ చలవేనమ్మా అని ఏ ముసలమ్మకీ గుక్కెడు బీరు పోసిన పాపాన పోలేదు. అయినా మా ద్రాక్షసారా ఎప్పుడూ పులుపే, మంచు కురిసినా కురవకపోయినా... సరే, ఆ సంగతి వదిలేద్దాం.

ఈసారి వంతు వాల్బుర్గది. నోరు పెద్దది, మొగుడు పోయాడు, నల్లమేక ఉంది. ఇంకేం సాక్ష్యం కావాలి?

బురుజులో కాపలా ఎండ్రెస్ మీద పడింది. బూట్లు కుట్టుకునేవాడు, మెత్తని మనిషి. న్యాయాధికారి వాడికి రెండు ఆజ్ఞలు ఇచ్చాడు.

"మూడు రాత్రులు దాన్ని కన్ను మూయనివ్వకు. మతి చెదిరి అదే ఒప్పుకుంటుంది, కట్టెల మీదికి పంపిద్దాం. ఒప్పుకోలేదా, కట్టుబాటు ప్రకారం వదిలెయ్యాలి. ఇంకోటి... దాని మొహం మాత్రం చూడకు. చూశావో, దాని మంత్రానికి కట్టుపడిపోతావు."

"చూడకుండా, మేలుకుందో లేదో ఎలా తెలుస్తుంది అయ్యగారూ?"

"అడుగు" అన్నాడు న్యాయాధికారి. చదువుకున్నవాడు కదా! "పలకకపోతే ఈ కర్రతో పొడువు. నిద్రపోనిచ్చావంటే రేపు దాని పక్కన నువ్వూ ఉంటావు."

ఎండ్రెస్ మెడలో మంత్రించిన ఉప్పు మూట కట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గదిలోకి పోయాడు.

"నా సూపు గిన్నెలో కాలు పెట్టావురా ఎండ్రెసూ" అంది చీకట్లోంచి వాల్బుర్గ. "పోనీలే. ఇవాళ కాస్త తోలు రుచైనా తగులుతుంది."

"నీతో మాట్లాడకూడదట అవ్వా."

"గోడతో మాట్లాడు. నేను వింటాలే."

బయట కావలివాడి బూర మోగినప్పుడల్లా ఎండ్రెస్ గోడవైపు తిరిగే అడిగేవాడు — మేలుకున్నావా, వాల్బుర్గా? ఆవిడ వాడి ఏడు తరాలనూ తిట్టేది. రెండో రాత్రి గడిచేసరికి ఆ తిట్లకు తలుంటే తోక లేదు.

మూడో రాత్రి దీపం పెట్టగానే ఆవిడే బతిమాలింది.

"ఒప్పుకుంటానురా. చీపురంటే చీపురు, మేకంటే మేక... ఏదెక్కి ఎగిరానంటే అదే. ఒక్క కునుకు తియ్యనివ్వరా."

"వద్దవ్వా" అన్నాడు ఎండ్రెస్ గోడతో, గుసగుసగా. "ఈ ఒక్క రాత్రి ఓర్చుకో..."

బూర మోగింది.

"మేలుకున్నావా, వాల్బుర్గా?"

వాడి చెయ్యి కర్ర మీదికి పోయింది.

"మేలుకునే ఉన్నా."

తిట్టు లేదు. పాపం, తిట్టే ఓపిక కూడా పోయిందనుకున్నాడు.

మళ్ళీ బూర. మళ్ళీ ప్రశ్న. అదే మాట — మేలుకునే ఉన్నా.

ఒకసారి ఎండ్రెస్‌కే తల వాలిపోయింది. బూర మోగిన సంగతే తెలియలేదు.

"అడగవేం, అబ్బాయ్?"

వాడు ఉలిక్కిపడి లేచాడు. గొంతు మరీ దగ్గరగా వినిపించింది...

తెల్లారాక వాల్బుర్గను కొలువులో నిలబెట్టారు. న్యాయాధికారి ఆవలిస్తున్నాడు. ఆవిడ మాత్రం నిగనిగలాడుతోంది.

"సైతానును పెళ్ళాడావా?"

"ఒక్క మొగుడితో పడ్డ పాట్లు చాలవా దొరా?"

"చీపురెక్కి ఎగిరావా?"

"నా మోకాళ్ళు మీ మెట్లెక్కడానికే ఏడుస్తున్నాయి."

జనం నవ్వారు. న్యాయాధికారికి వదలక తప్పలేదు.

గుమ్మం దగ్గర వాల్బుర్గ ఎండ్రెస్ చెవిలో అంది: "నీ మేలు మరిచిపోనురా. రాత్రంతా కదపకుండా పడుకోనిచ్చావు."

"పడుకోవడమేంటి? అడిగినప్పుడల్లా పలికావుగా!"

"నేనా? దీపం పెట్టాక నీతో ఆ రెండు ముక్కలు అన్నానా... అంతే. కోడి కూసేదాకా ఒళ్ళు తెలిస్తే ఒట్టు."

మేక ఏమైందో చూసుకోవాలంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఎండ్రెస్ కూర్చున్న పీట, కర్ర ఇంకా బురుజు గదిలోనే ఉన్నాయి. తాళంచెవి అప్పగించాలంటే అవి తేవాలి. పట్టపగలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఖాళీ గది అని తెలుసు... అయినా కాళ్ళు మాట వినలేదు, వెనక్కి వెనక్కి నడుస్తూనే లోపలికి పోయాడు. వంగి పీట అందుకున్నాడు.

వీపు వెనక, వాల్బుర్గ పడుకున్న గడ్డి కదిలింది.

"ఆవిడ క్షేమంగా వెళ్ళిపోయిందిగా, అబ్బాయ్... ఇక నేను పడుకోనా?"