ఐలమ్మ పెట్టిన షరతు

బీడీల కోసం తడి గుడ్డలో చుట్టి ఉంచిన తునికాకు విప్పి ఊర్మిల కత్తెర పట్టుకుంది. కూతురు గీత బడికి వెళ్లిపోయింది. వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న అత్త ఐలమ్మ చాయ్ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసింది.

"పాలు పోసినవా, పాలగిన్నె కడిగిన నీళ్లు పోసినవా?"

"రెండూ పోసిన. తాగు."

ఐలమ్మ తాగింది. ఆ ఇంట్లో ఏ రోజైనా ఇట్లాగే తెల్లవారుతుంది. కానీ ఇవాళ ఊర్మిల కత్తెర సరిగా నడవడం లేదు. నాలుగాకులు వంకరగా తెగాయి.

"పదింటికి వస్తరట ఆళ్లు," అంది ఐలమ్మ.

నాలుగేళ్ల కింద దుబాయిలో, కూలీలుండే క్యాంపులో, ఊర్మిల భర్త గంగాప్రసాద్ చనిపోయాడు. ఒకే గదిలో ఉండే సిరిసిల్ల మనిషి మహేందర్‌తో గొడవ జరిగి మెట్ల మీది నుంచి పడ్డాడు. మహేందర్‌కు జైలు పడింది. 'తాగి కొట్టుకున్నరట' అన్న మాట, శవపేటిక కంటే ముందే వాళ్ల ఊరు మల్యాల చేరింది.

పోయిన శుక్రవారం మహేందర్ భార్య ప్రేమలత, ఉష అనే జగిత్యాల వకీలును వెంటబెట్టుకుని వచ్చింది. చనిపోయిన మనిషి ఇంటివాళ్లు మన్నించామని రాసిస్తే అక్కడి కోర్టు శిక్ష తగ్గించే వీలుందని ఉష చెప్పి, కాగితం ముందు పెట్టింది. ఊర్మిల చదవకుండానే పెన్ను అడిగింది. ఐలమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముందు గా పిలగాడు మాతోని మాట్లాడాలె. నా కొడుకు ఆఖరి రోజు ఎట్ల గడిచిందో ఆని నోటితోని చెప్పాలె. కోడలు నా పక్కన కూసుని వినాలె. ముద్ర సంగతి తర్వాత."

జైలు నుంచి ప్రేమలతకు ఫోన్ వచ్చేది శుక్రవారాలే. అందుకే మళ్లీ ఇవాళ.

"అత్తా, నువ్వొక్కదానివే మాట్లాడు. నాకు బీడీలు అప్పజెప్పేది ఉన్నది," అంది ఊర్మిల.

"మాపటికి అప్పజెప్పు."

"పోయినోడు వస్తడా మాట్లాడితే? ముద్ర ఏసి పంపితే పుణ్యమన్న దక్కుతది."

ఐలమ్మ గ్లాసు కింద పెట్టింది. "నీకు ఆన్ని మన్నించాలని ఉన్నదా, జల్ది తలుపు ఏసుకోవాలని ఉన్నదా?"

ఊర్మిల ఇంకో ఆకు తీసింది.

కోడలిది మెత్తని మనసని వాడకట్టంతా అంటున్నారు. మెత్తనిదేమీ కాదని ఊర్మిలకు తెలుసు. గంగాప్రసాద్ పోయిన రోజు కూడా శుక్రవారమే. మూడోసారి సెలవు వాయిదా పడిందని గంగాప్రసాద్ ఫోన్‌లో చెప్పాడు. 'రాకుంటే రాకు. ఇగ నాకు ఫోన్ చెయ్యకు' అని ఆమె కట్ చేసింది. ఫోన్ మళ్లీ మోగింది. మూడుసార్లు మోగింది. ఎత్తలేదు. సాయంత్రానికి మనిషి లేడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మహేందర్‌ను క్షమించి పంపేస్తే ఆ రోజును ఇక ఎవరూ తెరవరు. ఆమె క్షమలో ఉన్నదంతా భయమే.

పదింటికి వాళ్లు వచ్చారు. కుర్చీ వేసినా ప్రేమలత కిందనే కూర్చోబోయింది.

"కుర్చీల కూసో," అంది ఐలమ్మ. "నువ్వేం చేసినవని కింద కూసుంటవు?"

ఫోన్ మోగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ప్రేమలత స్పీకర్ నొక్కి స్టూలు మీద పెట్టింది.

"అమ్మా, నేను మహేందర్‌ను."

"నన్ను అమ్మా అనకు," అంది ఐలమ్మ. "ఆనాడు లేచిన కాన్నుంచి చెప్పు."

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. "గంగన్న పొద్దుగాల బట్టలు పిండుకున్నడు. ఆ రోజు వంట వంతు ఆయనదే. పప్పుల ఉప్పు ఎక్కువేస్తడని మేం నవ్వేటోళ్లం. పరీక్ష పెట్టినట్టు ఒక్కొక్కన్ని రుచి అడిగేటోడు. పాప తెల్ల గౌను ఫొటో మంచం పక్కన గోడకు అతికించుకున్నడు. పండుకునే ముందు దాని మీద దుమ్ము తుడిచేటోడు."

అత్తాకోడళ్లిద్దరూ తమకు తెలియకుండానే ఫోన్ వైపు వంగారు. నాలుగేళ్లుగా ఇంట్లో ఉన్న జ్ఞాపకాలే తిరిగి తిరిగి అరిగిపోయాయి. ఇప్పుడు గంగాప్రసాద్ ఇంకొంచెం దొరుకుతున్నాడు, ఉప్పు ఎక్కువేస్తూ, దుమ్ము తుడుస్తూ. అతన్ని తీసుకుపోయిన మనిషి దగ్గరే అతని మిగతా బతుకంతా ఉంది.

"తర్వాత?" అంది ఐలమ్మ.

"పదకొండింటికి ఇంటికి ఫోన్ చేసొచ్చిండు. ఎవ్వలతోని మాట్లాడలే. అందరికి వడ్డించిండు, తను తినలే. నేను తాగి ఉన్న. ఏం గంగన్నా, వదినె ఫోన్ కట్ చేసిందా అన్న. ఊకోమన్నడు. నేను ఊకోలే. అందరి ముందట మల్ల అన్న. లేచి బయటికి పోతుంటే మెట్ల కాడ చెయ్యి పట్టుకున్న. ఇడిపించుకున్నడు. నేను నూకిన."

ఐలమ్మ స్టూలు అంచు పట్టుకుంది.

"ఆయన తాగి ముందుగాల నన్ను కొట్టిండని పోలీసులకు చెప్పిన. అబద్ధం. ఆయన ఆనాడు చుక్క ముట్టలే. ముందు లేసింది నా చెయ్యే."

"ఏమంటున్నవు?" అంది ప్రేమలత. ఆమెకూ అది కొత్త మాటే. నాలుగేళ్లుగా భర్త అబద్ధాన్నే నిజమని అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. ఉష ఇక చాలన్నట్టు ఫోన్ వైపు చెయ్యి చాచి, ఐలమ్మ మొహం చూసి వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు గిట్ల చెప్తే మేం ముద్ర ఏస్తమా?" ఐలమ్మ అడిగింది.

"ఎయ్యకపోతే ఎయ్యకున్రి. ఇన్నేండ్లల్ల మీరొక్కరే అడిగిన్రు, ఏమైందని. మిగతోళ్లందరు శిక్ష ఎట్ల తప్పిద్దమనే అన్నరు."

ఇచ్చిన సమయం అయిపోయి ఫోన్ దానంతటదే ఆగింది. ప్రేమలత కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఫోన్ కట్ చేసింది నేనే," అంది ఊర్మిల. "ఇగ ఫోన్ చెయ్యకు అన్న. మల్ల మూడుసార్లు చేసిండు. ఎత్తలే. నేనెత్తితే తినేటోడు అత్తా. ఎవ్వడేమన్న నవ్వి ఊకునేటోడు."

"నాకెర్క," అంది ఐలమ్మ.

ఊర్మిల చూసింది.

"పెరట్ల నీళ్ల గోలెం కాడ బోళ్లు తోముతున్న ఆనాడు. నువ్వన్నది విన్న. మూడుసార్లు మోగింది విన్న."

నాలుగేళ్లు. ఊర్మిల వెనక్కి వెళ్లి ఒక్కొక్క తగాదానూ వెతికింది. అత్త చాయ్‌కు అన్నది, చీపురుకు అన్నది, పుట్టింటికి పోతే అన్నది. ఒకసారి పళ్లెం విసిరేసి రెండు రోజులు మాట్లాడలేదు. అంత కోపంలోనూ ఆ ఒక్క మాట అనలేదు. అది అంటే కోడలు బతకదని ఈ మనిషికి తెలుసు. కొడుకు చచ్చిన దుఃఖం పక్కనే ఆ మాటను పెట్టుకుని, పెదవి దాటకుండా రోజూ కాపలా కాసింది. పొద్దున లేస్తే తను జుట్టు దువ్విపెట్టే ఈ చిన్న ముసలమ్మ లోపల అంత చోటెక్కడ ఉందో ఊర్మిలకు అంతు పట్టలేదు.

"మరెందుకు అడగలే?"

"నేనడిగితే నేరం మోపినట్టయితది. నువ్వే చెప్తవని చూసిన. నువ్వేమో సంతకం కింద దాన్ని బొంద పెడుతుంటివి. అందుకే కూసోమన్న." ఐలమ్మ ముక్కు చీదింది. "మొగడు పెండ్లాలు ఫోన్లు కట్ చేసుకుంటరు. మీ మామతోని నేను ఎండకాలమంత మాట్లాడలే, ఆయన సచ్చిండా? నూకింది ఆడు. నువ్వు గాదు."

ఊర్మిల ఆమె ఒళ్లో తల పెట్టింది. ఐలమ్మ కొంతసేపు ఉండనిచ్చి, తర్వాత ఉష వైపు తిరిగింది. "కాయిదం చదువు బిడ్డా."

ఉష చదివింది. 'మాకు అతనిపై ఎలాంటి కోపం లేదు' అన్న చోట ఐలమ్మ చెయ్యెత్తింది.

"గా మాట కొట్టెయ్యి. కోపం ఉన్నది. నేను పోయేదాక ఉంటది. నా కొడుకు ఆనాడు తాగలేదని రాయి. ముందు చెయ్యి ఎవనిదో రాయి. కోపం ఉండంగనే ఆన్ని ఇడుస్తున్న అని రాయి."

"అట్ల రాస్తే అక్కడ ఒప్పుకుంటరో లేదో పెద్దమ్మా. తీసుకోకపోతే ఆయన జైల్లనే..."

"రాయున్రి," అంది ప్రేమలత, కన్నీళ్ల మధ్య. "గట్లనే రాయున్రి."

ఉష చాలా కాగితాలు రాసిన మనిషి. ఆ చివరి వాక్యం ఎట్లా రాయాలో తోచక పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుంది. ఆఖరికి ఐలమ్మ అన్నది అన్నట్టే రాసింది. ఐలమ్మ బొటనవేలు సిరాలో అద్ది గట్టిగా నొక్కింది. ఊర్మిల మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుకుని సంతకం పెట్టింది.

వాళ్లు వెళ్లాక అత్త వేలికి అంటిన సిరాను కొబ్బరినూనెతో తుడుస్తూ, ఊర్మిల అడిగింది.

"ఎట్లున్నవు అత్తా, ఇన్నేండ్లు, గా మాట మింగి?"

ఐలమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"నిన్ను గూడ పోగొట్టుకుంటనా?" అంది.