కాళ్లు చాపుకునేంత చోటు

ఆ రోజు ఎండ ముదరకముందే ఐజాక్ చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. గొర్రెలకు నీళ్లు పెట్టమని పక్కింటి తిప్పమ్మవ్వకు చెప్పాలి. నాయన బీపీ మాత్ర జేబులో వేసుకోవాలి. బస్సెక్కితే అమ్మకు కడుపులో తిప్పుతుంది కాబట్టి నిమ్మకాయలు తీసుకోవాలి. కొలిచే టేపు మరచిపోకూడదు. రెండు పడవల ఫొటోలు ఫోన్లో సిద్ధంగా ఉంచుకోవాలి. తొలి బస్సు తప్పితే మధ్యాహ్నం దాకా ఇంకొకటి లేదు కనుక నాయనను తొందరపెట్టి బయలుదేరదీయాలి.

చివరి పని అవసరం పడలేదు. నాయన యేసన్న అప్పటికే తెల్ల చొక్కా తొడుక్కుని వాకిట్లో తిరుగుతున్నాడు. గుమ్మం నుంచి గొర్రెల దొడ్డి దాకా, దొడ్డి నుంచి బోర్లించిన పాత పుట్టి దాకా. పుట్టి అంటే చేపలకు పోయే గుండ్రటి తెప్ప. ఆ పాతది ఎన్నాళ్లుగానో అక్కడే పడి ఉంది. కోళ్లు దాని కింద గుడ్లు పెడతాయి. పాడైపోయింది, పారేద్దామని ఐజాక్ ఎప్పుడన్నా యేసన్న విననట్టే ఉంటాడు.

"అప్పా, చాప ఒకటి పెట్టుకో," అన్నాడు యేసన్న.

"చాప యాటికి నాయనా? పొద్దుగూకేలోపల వచ్చేస్తాం గదా."

"పెట్టుకోమంటే పెట్టుకో."

తల్లి అక్కమ్మ కొప్పు ముడుచుకుంటూ నవ్వింది. "హొస్పేటలో చల్లగాలికి నిద్ర పోవల్లనేమో మీ నాయన. ఇంట్లో ఎట్లాగూ కన్ను మూయడు."

ఐజాక్ చాప చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అడిగితే ఇంకో మాట పెరుగుతుంది. వారం రోజులుగా ఇంట్లో పెరుగుతున్నవి మాటలే.

వాళ్ల ఊరు డ్యాము గట్టున ఉంది. అవతలి గట్టున మూడు పల్లెలు. నీళ్లు లేని ఏళ్లలో ఆటోలు డ్యాము అడుగున ఎండిన మట్టి మీదుగా నేరుగా అవతలికి పోయేవి. నీళ్లు రావాలని చర్చిలో ఎన్ని ప్రార్థనలు చేశారో లెక్కలేదు. కాలువ నీళ్లు వచ్చి డ్యాము నిండాక ఆ దారి మునిగిపోయింది. చుట్టూ తిరిగి పోయే రోడ్డు ఉందంటే ఉంది. అందుకే మత్స్యకారుల సంఘం ఒక మోటారు పడవ కొని జనాన్ని దాటించాలని తీర్మానించింది. నడిపే బాధ్యత ఐజాక్‌ది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన తొలి మనిషి అతను. అనంతపురంలో ఫైనాన్స్ కంపెనీ ఉద్యోగం మానేసి మరీ వచ్చాడు. ఇక ఆ పడవే అతని బతుకు. ఏ పడవ కొనాలో ఎంచుకోవడం కూడా సంఘం వాళ్లు అతని ఇంటికే వదిలేశారు. ఒకసారి కొన్నాక మార్చుకోవడం ఉండదు.

హొస్పేట బయట, నీటి చుక్క కనపడని బయల్లో రేకుల షెడ్డు. దాని ముందు ఇనుప దిమ్మెల మీద రెండు అల్యూమినియం పడవలు పక్కపక్కన ఎండలో మెరుస్తున్నాయి. ఒకదానికి నీలం గీత, ఇంకొకదానికి ఆకుపచ్చ గీత. ఆ గీతలు లేకపోతే దూరం నుంచి ఏది ఏదో పోల్చుకోలేం.

"రెండూ ఒకే అచ్చన్నా," అన్నాడు షెడ్డు యజమాని ఓబిలేష్. "రేకు మందం ఒకటే, పొడుగు ఒకటే, వెనక తగిలించే మోటారు ఒకటే. దుడ్లు కూడా ఒకటే. తేడా అంతా క్యాబిన్లో ఉండాది. నీలంది బస్సు మాదిరి, అడ్డం సీట్లు. మంది శానా పడతారు. పచ్చదాంట్లో గోడ వెంబడి నిలువు బల్లలు, తలుపు వెడల్పు. మంది తక్కువ."

"అడుగు భాగం?" అన్నాడు ఐజాక్.

"నీలంది కోసుగా ఉంటాది, అలను చీల్చుకుంటా పోతాది. పచ్చది చదును. నీళ్లు తగ్గినా గట్టు దాకా వస్తాది."

ఐజాక్ ముందు నీలం దాంట్లో సీట్లు లెక్కపెట్టాడు. తరువాత పచ్చదాంట్లో. మళ్లీ నీలం దాంట్లోకి వెళ్లాడు. సంత రోజున ఒక్క ట్రిప్పుకు ఎంతమందిని దాటించవచ్చో మనసులో వేసుకున్నాడు. ఆ లెక్కలో పచ్చది వెనకబడింది. అయినా ఎందుకో స్థిమితం లేదు. మోటారు మూత తీసి చూశాడు, క్యాబిన్ తలుపు వేసి తీశాడు, రేకు మీద వేలితో కొట్టి విన్నాడు.

యేసన్న అతనికంటే అస్తిమితంగా ఉన్నాడు. ఓబిలేష్ ఇప్పించిన టీ గ్లాసు పట్టుకుని ఒక పడవ నుంచి ఇంకో పడవకు తిరుగుతున్నాడు. టీ చల్లారిపోయింది. చివరికి గ్లాసు దిమ్మె మీద పెట్టి, "అప్పా, ఆ చాప ఇట్లియ్యి," అన్నాడు.

నీలం పడవ క్యాబిన్లోకి వంగి దూరాడు. సీట్ల మధ్య దారిలో చాప పరిచి వెల్లకిలా పడుకున్నాడు. తల ఒక సీటు కాలికి తగిలింది, మోకాళ్లు పైకి లేచాయి. లేచి చాప చుట్టుకుని పచ్చదాంట్లోకి పోయాడు.

పడవలు చూడటానికి వచ్చిన ఇంకో ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఓబిలేష్ నవ్వాడు. "ఏం పెద్దాయనా, పడవ కొనేకొచ్చినారా, పండుకునేకొచ్చినారా? అట్లయితే మంచాలంగడి బజార్లో ఉండాది."

ఐజాక్ చెవులు వేడెక్కాయి.

యేసన్న పచ్చ పడవ లోపలి నుంచి పిలిచాడు. "అక్కమ్మా. నువ్వు రా. ఈ బల్ల మీద పండుకో, చూస్తాను."

అక్కమ్మ నిమ్మకాయ వాసన చూస్తూ నీడన కూర్చుని ఉంది. ఆ మాటకు ఆమె చెయ్యి ఆగిపోయింది. లేవలేదు.

"నాయనా, లేచి ఇట్ల రా," అన్నాడు ఐజాక్ పళ్ల బిగువున. "అందరూ నవ్వుతాండారు."

"నవ్వనీలే. ఇదే తీసుకుందాం అప్పా. పచ్చది."

"యాటికి? దాంట్లో మంది పట్టరని చెప్తాండాడు గదా. నీకు మధ్యాహ్నం కునుకు తీసేకి పడవ కావల్లనా? నేను ఉద్యోగం వొదులుకొని వచ్చినా. నువ్వేమో చాప పట్టుకొని వచ్చినావు."

"నీకు తెలీదులే."

"తెలీదు. డిగ్రీ చదివిచ్చింది నువ్వే, ఏమీ తెలీదనేది నువ్వే. తెలిసేటట్టు చెప్పు మరి. వారం నుంచి పచ్చది, పచ్చది అంటావు, యాటికంటే నోరు తెరవవు."

యేసన్న పడవ దిగాడు. షెడ్డు వెనక్కి నడిచిపోయాడు. నాలుగు అడుగులు పోయి ఆగి, మళ్లీ నడిచాడు.

"నువ్వన్నా చెప్పు మ్మా," అన్నాడు ఐజాక్. "ఆయప్పకు మతి ఉండాదా లేదా?"

అక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మతి ఉండేదానికే అప్పా ఇంత. కూర్చో."

అతను నిలబడే ఉన్నాడు.

"మీ అక్క యాడ చనిపోయింది?"

"అదేం ప్రశ్న? అనంతపురం ఆస్పత్రిలో."

"ఆస్పత్రి గేటు కూడా చూడలేదు రెబెకా."

ఓబిలేష్ అక్కడి నుంచి మెల్లగా తప్పుకున్నాడు.

"అవతలి గట్టున అత్తగారింట్లో ఉండె గదా. మీ బావ బెంగుళూరు పనికి పోయిండె. నొప్పులొచ్చినాయని ఫోన్ చేస్తే మీ నాయన పుట్టి వేసుకొని పోయినాడు, నేనూ పోయినా. ఎక్కించినాం. నడి నీళ్లలోకి వచ్చేతలికి గాలీ వానా పట్టుకునింది. పుట్టి గిర్రున తిరుగుతాది, ముందుకు పోదు. మ్మా, కాళ్లు చాపుకుంటా, ఒక్కసారి చాపుకుంటా అనింది. యాడ చాపుకుంటాదప్పా పుట్టిలో? రవంత చాపితే ఒరుగుతాది. ముడుచుకో తల్లీ, ముడుచుకో అని మీ నాయన అంటానే ఉండె. మోకాళ్లు గడ్డానికి ఆనిచ్చుకొని, నా ఒళ్లోనే..." ఆమె ఆగింది. "బిడ్డా దక్కలేదు. మట్టిలో పెట్టేటప్పుడు కూడా కాళ్లు సరిగ్గా చాపుకోలేదు. నువ్వొచ్చేతలికి దుప్పటి కప్పేసినాం."

"నాకు ఆస్పత్రి అని చెప్తిరి."

"నీకు ఇంకా పరీక్షలు మిగిలిండె. పుట్టి మాట వింటే వాడు యాడ రాస్తాడు, పాసయినాక చెప్దామనినాడు మీ నాయన. పాసయినావు. అప్పుడు చెప్పేకి ఇద్దరికీ నోరు రాలేదు. ఊరోళ్లను కూడా నీతో అననియ్యలేదు."

ఐజాక్‌కు వాకిట్లో బోర్లించిన పుట్టి గుర్తొచ్చింది. అది పాడైపోలేదు. ఆ రోజు తరువాత నాయన దాన్ని నీళ్లలో వేయలేదు, అంతే. పారేయనూ లేదు. తను దాన్ని ఎన్నిసార్లు కాలితో తన్ని ఉంటాడు, కోళ్లను అదిలించడానికి.

అతను పచ్చ పడవ ఎక్కాడు. ఎడమ పక్క బల్ల మీద నాయన పరిచిన చాప అలాగే ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకే ఎత్తు. బడిలో ఎవరు పెద్దో తెలియక సార్లు తికమకపడేవాళ్లు. ఐజాక్ చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు చాపాడు. మడమలు బల్ల అంచు దాటలేదు. తల పక్కన ఒక మనిషి కూర్చోవడానికి ఇంకా చోటుంది, అమ్మ కూర్చునేంత. పైన రేకు కప్పు. వాన పడదు.

కళ్ల నుంచి నీళ్లు పక్కకు జారి చెవుల్లోకి పోతున్నా తుడుచుకోలేదు.

తలుపు దగ్గర నీడ పడింది. యేసన్న వంగి చూస్తున్నాడు.

"సరిపోయినాదా అప్పా?"

"సరిపోయినాది నాయనా."

యేసన్న లోపలికి వచ్చి కొడుకు పాదాల దగ్గర కూర్చున్నాడు. చాపిన కాళ్ల మీద చెయ్యి వేసి ఉంచాడు. బస్సు దిగినప్పటి నుంచి ఆ మనిషి ఒకచోట కుదురుగా కూర్చోవడం అదే మొదలు.

"మంది తక్కువైతారు గదా," అన్నాడు. "నీకు కష్టమైతాదేమో."

"రెండు ట్రిప్పులు ఎక్కువ తిప్పుతాలే." ఐజాక్ లేచి కూర్చుని టేపు తీశాడు. "ఓబిలేషన్నా, ఇట్లరా. ఈ తలుపులో మడత మంచం మనిషితో సహా దూరుతాదా, కొలిచి చూద్దాం పట్టు. గడప అడ్డమొస్తాది, దాన్ని కోసెయ్యల్ల."

"కోసేద్దామన్నా," అన్నాడు ఓబిలేష్. ఈసారి నవ్వలేదు. టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. అక్కమ్మ కింద నిలబడి, "బాగా కొలవండి, నిలబెట్టిన మంచానికి కాదు, మనిషిని మోసుకొచ్చే మంచానికి," అని హెచ్చరించింది.

ఇప్పుడా పడవ రోజూ తిరుగుతోంది. సంత రోజుల్లో ఎడమ బల్ల మీద కూడా జనం, గంపలు, కోళ్లు. నొప్పులు పడే ఆడమనిషి వస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరూ లేస్తారు. యేసన్న ఆ బల్ల మీద చాప పరుస్తాడు. మీరు ఎప్పుడైనా అనంతపురం తట్టు వచ్చి, డ్యాము దాటాల్సిన పని పడి, పచ్చ గీత పడవ ఎక్కితే ఆ బల్ల మీదే కూర్చోండి, ఎవరూ ఏమీ అనుకోరు. నడి నీళ్లలోకి పోయాక, కాళ్లు చాపుకునేటప్పుడు మాత్రం, ఒక్కసారి రెబెకాను తలచుకోండి.