కోల్డ్ స్టోరేజీ తలుపు మీద మూడు దెబ్బలు

మూతపడ్డ కోల్డ్ స్టోరేజీలో దెయ్యం ఉందన్న విషయంలో ఆ వీధికి రెండో అభిప్రాయం లేదు. మంచినీళ్ల కుళాయి ఎవరింటి ముందు పెట్టాలో పదేళ్లుగా తేల్చుకోలేని వీధి అది. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట.

అర్ధరాత్రి దాటాక ఇనపతలుపు మీద ఎవరో మూడు దెబ్బలు కొడతారట. కాసేపు చడీచప్పుడు ఉండదట. తర్వాత... లోపలి నుంచి మూడు దెబ్బలు తిరిగొస్తాయట.

చెప్పినవాళ్లెవరూ వెళ్లి వినలేదు. వెళ్లి విన్నవాళ్లెవరో ఎవరికీ తెలియదు. దెయ్యాల కేసుల్లో ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

లోపలున్నది మూడేళ్ల కిందట ఆ గదిలో రాత్రంతా ఉండిపోయి ప్రాణం పోగొట్టుకున్న హమాలీయేనని కూడా తేల్చేశారు. అతని భార్య టైలరమ్మ ఆ గోడ వెనక సందులోనే ఉంటుంది. మొగుణ్ని దెయ్యం చేసేముందు ఆవిణ్ని ఎవరూ ఒక్కమాట అడగలేదు. పైగా ఆవిడ భయపడకపోవడాన్ని కూడా సాక్ష్యం కింద జమకట్టారు — "సొంత మొగుడాయె, భయమెందుకుంటుంది?"

వెళ్లి విన్నవాడు ఎట్టకేలకు ఒకడు దొరికాడు. లారీ డ్రైవరు. అక్కనీ మేనకోడలినీ సామాన్లతో సహా తీసుకుపోదామని వచ్చాడు. వీధిలో ఇంకెక్కడా చోటు లేక లారీని ఆ వెనక సందులోనే నిలబెట్టాడు.

అతని బావ ఆ కోల్డ్ స్టోరేజీలో మేస్త్రి. అక్కడొక పద్ధతి ఉండేది. రాత్రి గదికి తాళం వేసేముందు మేస్త్రి తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. లోపల ఎవరైనా ఉంటే మూడు తిరిగి కొట్టాలి. బదులు రాలేదంటే గది ఖాళీ. ఇరవై రెండేళ్లు అలాగే నడిచింది. ఆ రాత్రీ కొట్టాడు, ఆగాడు, బదులు రాలేదు, తాళం వేశాడు. హమాలీ బస్తాల వెనక ఉన్నాడు. చలికి ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. పక్కన మోటార్ల హోరు.

విచారణ జరిగింది. అందరూ నిబంధనల ప్రకారమే నడుచుకున్నారని తేలింది, చచ్చిపోయినవాడు తప్ప. యజమాని గదిలో కొత్త గంట పెట్టించాడు. వారం తిరక్కుండా కంపెనీయే మూసేశాడు.

మేస్త్రి మాత్రం డ్యూటీ మానలేదు. బీరువా మూయబోతే మూడు దెబ్బలు. ఫ్రిజ్ మూయబోతే మూడు. స్నానాలగదిలో ఎనిమిదేళ్ల కూతురు సబ్బుచేత్తో మూడు కొట్టి బదులివ్వకపోతే ఆయన తలుపు దగ్గర్నుంచి కదలడు. ఆ పిల్ల ఇప్పుడు బళ్లో అన్నం డబ్బాకి మూత పెట్టేముందు మూడు కొట్టి, చెవి ఆనించి వింటోందట. టీచరు చీటీ పంపింది — పిల్లకి వినికిడి పరీక్ష చేయించండి.

ఆ చీటీ చూశాకే డ్రైవరుకి ఒళ్లు మండింది.

"పొద్దున్నే బయల్దేరదాం అక్కా. ఇంకొన్నాళ్లుంటే మీరిద్దరూ ఈయనలాగే అయిపోతారు."

"మీ బావో?"

"ఆయనకి ఇంట్లో బోలెడు తలుపులున్నాయి కదా, కొట్టుకుంటాడు."

అక్క నవ్వలేదు. "పిల్లకి ఒళ్లు కాలిపోతోందిరా. పొద్దున చూద్దాం."

అర్ధరాత్రి బావ లేచి బయటికి వెళ్లాడు. డ్రైవరు చప్పుడు చేయకుండా వెనకే బయల్దేరాడు. దెయ్యాల మీద అతనికి నమ్మకం లేదు. ఆ సంగతి తనకి తనే రెండుసార్లు గుర్తు చేసుకున్నాడు.

కోల్డ్ స్టోరేజీ ఆవరణలో దీపం లేదు. తుప్పు పట్టిన తూకపు యంత్రం చాటున నక్కాడు. బావ ఇనపతలుపు ముందు ఆగాడు. పిడికిలి ఎత్తాడు.

దబ్... దబ్... దబ్.

ఏమీ లేదు.

మళ్లీ మూడు. మళ్లీ ఏమీ లేదు. బావ రెండు అరచేతులూ తలుపు మీద ఆనించి నిలబడిపోయాడు. డ్రైవరు లేచి వెళ్లి ఆయన్ని పట్టుకుందామనుకున్నాడు. ఒక కాలు ముందుకేశాడు కూడా —

దబ్... దబ్... దబ్.

లోపలి నుంచి.

బావ నుదురు తలుపుకి ఆనించాడు. "ఉన్నావా..." అన్నాడు మెల్లగా. "సరే. తాళం వెయ్యను. బయటికొచ్చెయ్." అని డ్యూటీ దిగినవాడిలా ఇంటిదారి పట్టాడు.

ముప్ఫై టన్నుల లారీని కొండమలుపుల్లో ఒంటిచేత్తో తిప్పే మనిషి తన రెండు కాళ్లని ఒకే దిక్కుకి నడపలేకపోయాడు. వెనక సందులో ఒక చెప్పు జారిపోయింది. దానికోసం ఆగేంత ప్రేమ లేకపోయింది.

మూడు వీధులు చుట్టి ఇల్లు చేరేసరికి బావ గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అక్క పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది.

"అక్కా... ఆ గదిలో... ఉన్నాడే!"

"అరవకు, పిల్ల లేస్తుంది. వీధివాళ్లు చెప్పుకునే ఆ దెయ్యం నేనేరా."

"నువ్వా?"

"మొదటేడాది తెల్లవార్లూ ఆ తలుపు ముందే నిలబడేవాడు. బదులు రాదు. బదులు రాకపోతే తాళం వెయ్యాలి. వెయ్యలేడు, వదిలి రాలేడు. ఒకరోజు నేనే వెనక మోటార్ల గదిలోంచి దూరి లోపల్నుంచి కొట్టాను. ఆ రాత్రి ఇంటికొచ్చి నిద్రపోయాడు."

"అప్పట్నుంచీ రోజూనా?"

"వానొస్తే గొడుగు తీసుకెళ్తాను."

"ఎవరైనా డాక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. అలా చెయ్యకూడదంది. మరేం చెయ్యాలో చెప్పడానికి నెల తర్వాత రమ్మంది."

"నువ్వేనని బావకి తెలుసా?"

"అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది."

డ్రైవరుకి పోయిన ధైర్యం వడ్డీతో సహా తిరిగొచ్చింది. "నాకు అప్పుడే అనుమానం వచ్చిందిలే. అవునూ, నాకంటే ముందు ఇంటికెలా చేరావ్?"

"ఎక్కణ్నుంచి?"

"అక్కణ్నుంచే... ఇందాక."

అక్క చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"నేనివాళ గుమ్మం దాటలేదురా. పిల్ల నా చెయ్యి వదల్లేదు. మీ బావ ఇంత పెందలాడే ఎలా వచ్చాడా అని నేనూ..."

అక్క గొంతు తగ్గించింది.

"ఎన్ని దెబ్బలు విన్నావ్?"

"మూడు."

తెల్లారేదాకా ఆ ఇంట్లో దీపం ఆర్పలేదు. ఆర్పడానికి లేచేవాళ్లు లేక.

పొద్దున డ్రైవరు లారీ దగ్గరికి వెళ్లాడు, వెలుగు బాగా వచ్చేదాకా ఆగి మరీ. టైలరమ్మ కిటికీ తెరిచి ఉంది. మిషను నడుస్తోంది. మూడేళ్లుగా మేస్త్రి ఇంటివాళ్లతో ఆవిడకి మాటల్లేవు. అక్క ఆ సందులో కనిపిస్తే చాలు, కిటికీ రెక్క ధడాలున మూసేస్తుందని వీధంతా చెప్పుకుంటుంది.

అతని చెప్పు ఆవిడ గుమ్మం మీద ఉంది.

"నీదేనా?" అంది తలెత్తకుండా. "తీసుకో. దెయ్యానికి సరిపోలేదు."

వంగి చెప్పు తీసుకుంటూ ఆవిడ చెయ్యి చూశాడు. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది. తుప్పు ఇంకా వదల్లేదు.

"అమ్మా... రాత్రి..."

మిషను ఆగింది.

"రోజూ మీ అక్క వెళ్తుంది. నేను చూశానని తెలిస్తే ఇబ్బంది పడుతుందని కిటికీ మూసేదాన్ని. నిన్న ఆవిడ రాలేదు. మేస్త్రి కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు." ఆవిడ దారం తెంపింది. "ఆ దెబ్బలకి బదులు రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు బాబూ."

డ్రైవరుకి చెప్పు ఏ కాలికి తొడగాలో అర్థం కాలేదు.

"నేను అక్కని తీసుకెళ్దామని లారీ తెచ్చానమ్మా," అన్నాడు చివరికి. "ఖాళీగానే వెళ్తాలెండి."

"వెళ్లేముందు మీ అక్కకి ఒక మాట చెప్పి వెళ్లు. రానప్పుడు ముందే కబురు పెట్టమను. మోటార్ల గదిలో చీకట్లో దారి వెతుక్కునేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

మిషను మళ్లీ మొదలైంది.