సొంతవాళ్ళ గురించి రాయకూడదు

మొదట్లో నా దగ్గరున్న సరుకు ఇంతే: తాతయ్య పెట్టిన త్రాసుల దుకాణం, బేరంలో ఎవరికీ తగ్గననే పొగరు, ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నేను రాసిన ఒక్క వాక్యం. "ప్రయోగశాలలకు త్రాసులు చేసినవారిలో మా తాతయ్యను మించిన ఘనుడు లేడు."

దాన్ని ఎవరో తీసేశారు.

తీసినవాళ్ళను వెతుక్కుంటూ లైబ్రరీ మేడ మీదికి వెళ్ళాను. ఆదివారాలు అక్కడ వాలంటీర్లు చేరి సైన్సు చరిత్ర మీద వ్యాసాలు రాస్తారు. కిటికీ పక్కన, పెన్ను జడలో గుచ్చుకుని కూర్చుంది ఆమె.

"మా తాతయ్యను తీసేసింది మీరేనా?"

"వాక్యాన్ని తీశానండీ. తాతగారు క్షేమమేనా?"

"పోయి చాలా ఏళ్ళయింది."

"అయ్యో! మరి ఆయన ఘనుడని ఎవరన్నారు?"

"నేను."

"మీరు మనవడు. సొంతవాళ్ళ గురించి సొంతవాళ్ళు రాయకూడదు, అది ఇక్కడి రూలు. బయటివాళ్ళు రాయాలి. అచ్చులో ఆధారం చూపించాలి."

తన సరుకు తనే తూచుకునేవాణ్ణి నేనూ నమ్మను. పోట్లాటకొస్తే న్యాయం అవతలివైపు ఉండటం కంటే ఒళ్ళుమండే సంగతి మరొకటి లేదు.

"నా బాధా అదే," అంది మెల్లగా. "మా అమ్మమ్మ అబ్జర్వేటరీలో పనిచేసింది. గాజు పలకల మీద ఫోటో తీసిన నక్షత్రాల స్థానాలు కొలిచేది. ఆవిడ గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. నేను రాయకూడదు."

వ్యాపారి బుర్ర ఊరుకుంటుందా?

"మార్పిడి బేరం. మా తాతయ్యను మీరు రాయండి, మీ అమ్మమ్మను నేను రాస్తాను."

"రాయడం వచ్చా?"

"తూచడం వచ్చు."

అబ్జర్వేటరీ వార్షిక నివేదికలు తిరగేశాను. మధ్యలో వాళ్ళ అమ్మమ్మే ఫోన్ చేసింది. "ఏం నాయనా, నా కథ నన్నడక్కుండా కాగితాల్ని అడుగుతున్నావట!"

"రూలండీ అమ్మమ్మగారూ."

తాతయ్య వ్యాసం చకచకా అయిపోయింది. నాది మాత్రం తెమల్లేదు. "ఈ పొగడ్త తీసేయండి." "దీనికి ఆధారమేదీ?" ప్రతి ఆదివారం ఒక వంక. నాకేమో తొందర. ఆ జడలో పెన్ను నిద్రలోకి కూడా వస్తోంది మరి. కానీ వ్యాసం అయ్యేదాకా నోరు మెదపకూడదు.

ఒక వానరోజు ఓపిక నశించింది.

"నా పని నచ్చకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయండి."

"నచ్చకేం?"

"పోయిన వారం కామా తీయమన్నారు. ఇవాళ అదే కామా పెట్టమంటున్నారు!"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వాన వంక చూస్తూ అంది: "వ్యాసం అయిపోతే మీరు మళ్ళీ ఎందుకొస్తారు?"

"అయిపోతేనే కదండీ నేను అడగగలిగేది! ముందే అడిగి, మీరు సరేనంటే, నేను సొంతవాణ్ణయిపోతాను. అమ్మమ్మ వ్యాసం చెల్లదు!"

ఆమె నవ్విన నవ్వుకు పక్క బల్లవాళ్ళు తలలు తిప్పారు.

"ఇంకా చూస్తారేం? పబ్లిష్ నొక్కండి!"

"కామా?"

"కామా సంగతి తర్వాత!"

నొక్కాను. అడిగాను.

"ప్రేమే అనడానికి ఆధారం?"

"ప్రస్తుతానికి నా మాటే. అచ్చులో కావాలంటే శుభలేఖ వేయిద్దాం."

అమ్మమ్మ భూతద్దం పెట్టి వ్యాసమంతా చదివింది. "బాగుంది. నేను పుట్టిన ఏడే తప్పు, నా వయసు ఒక ఏడు తగ్గించావు. నక్షత్రాలు కొలిచినదాన్ని, నా దగ్గరా కొలత తప్పడం? దిద్దు."

"ఇప్పుడు దిద్దకూడదు అమ్మమ్మా. నేను సొంతవాణ్ణి."

ఆవిడ మనవరాలి వంక చూసింది, నా వంక చూసింది. "అయితే ఉండనీ. ఇలాంటి మనవడు దొరికితే ఒక ఏడు చిన్నదాన్నవడానికి నాకేం నొప్పి?"

ఇక లెక్క తేల్చుకుందాం. పోయింది: తాతయ్య పక్కన "ఘనుడు" అన్న మాట, అమ్మమ్మ వయసులో ఒక ఏడు, ఆ ఇంటివాళ్ళ గురించి అక్షరం రాసే హక్కు. వచ్చిందానికి ఆధారం కావాలా? అదిగో, కిటికీ పక్కన, పెన్ను జడలో గుచ్చుకుని నా కామాలు తీసేస్తోంది.